పెట్రోలులోని బెంజీన్ - రైతులు వహించవలసిన జాగ్రత్తలు

మందు చల్లేటపుడు మూతికి గుడ్డ కట్టుకొనే రైతులు చాలామంది ఉన్నారు. కాని అదే రైతులు పవర్ స్ప్రేయరులో పోయుటకు మోటారు సైకిలు ట్యాంకులో గొట్టం పెట్టి, పెట్రోలును నోటితో పీల్చి తీస్తారు. పని ముగిసిన తరువాత చేతుల జిడ్డును పెట్రోలుతోనే కడుగుకొంటారు. ఈ రెండు అలవాట్లు ప్రమాదకరమైనవి. పెట్రోలులో బెంజీన్ అనే విషపదార్థం ఉండుటయే ఇందుకు ఒక ముఖ్య కారణం.

బెంజీన్ రంగులేని ద్రవము. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణం ప్రకారం పెట్రోలులో ఇది నూటికి 1 వంతు మించరాదు. అనగా లీటరుకు 10 మిల్లీలీటర్ల వరకు ఉండవచ్చును. ఇది త్వరగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది కావున మూసిన కొట్టంలో నేలబారున నిలుస్తుంది.

శరీరంలో చేరిన బెంజీన్ ఎముకలలోని మూలుగను దెబ్బతీస్తుంది. రక్తకణాలకు మూలుగయే నారుమడి వంటిది. నారుమడి చెడితే పొలం పలుచబడినట్లు, మూలుగ చెడితే రక్తకణాలు తగ్గిపోతాయి. రక్తహీనత, తరచు జ్వరాలు, చిగుళ్ళ నుండి రక్తం కారుట కలుగవచ్చును. దీర్ఘకాలం సోకినచో రక్త క్యాన్సరు కూడ రావచ్చును. ఒకటి రెండుసార్లు వాసన తగిలినంతనే భయపడనక్కరలేదు. తలనొప్పి, తలతిరుగుడు ఆనాడే తగ్గవచ్చును. అసలు హాని సంవత్సరాల తరువాత బయటపడుతుంది. అందుచేతనే అలవాటును ఇప్పుడే మానవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే బెంజీన్ వలన కలిగే జబ్బును అధికారులకు తెలుపవలసిన జబ్బులలో చేర్చారు. పొలంలో తనిఖీ చేయువారు లేరు. కావున రైతు తన రక్షణను, కూలీల రక్షణను తానే చూచుకొనవలెను.

జాగ్రత్తలు:

1. పెట్రోలును నోటితో పీల్చరాదు. చేతితో నొక్కే పంపును వాడవలెను.

2. ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట, గాలికి ఎదురుగా కాక ప్రక్కగా నిలిచి, గరాటుతో పోయవలెను. దరిదాపుల బీడీ, నిప్పు ఉండరాదు.

3. చేతులను సబ్బుతో, నీటితో కడుగవలెను. పెట్రోలు పడిన బట్టలను వెంటనే మార్చవలెను.

4. డబ్బాకు బిగువైన మూత పెట్టి, పడుకొనే గదికి, వంటింటికి దూరంగా, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

5. మూతికి కట్టిన గుడ్డ ఈ ఆవిరిని ఆపదు. గాలి తగులుటయే మేలైన రక్షణ.

పొరపాటున పెట్రోలు మింగినచో వాంతి చేయించరాదు. వాంతితో అది ఊపిరితిత్తులలోనికి పోయి మరింత ప్రమాదం కలుగుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఏళ్ళ తరబడి పెట్రోలుతో పనిచేసినవారికి నీరసం, చర్మంపై కమిలిన మచ్చలు కనిపించినచో, తాము చేసే పనిని డాక్టరుకు తెలిపి రక్తపరీక్ష చేయించుకొనవలెను.