ఒక్క ‘ఎస్’... ఎంత పని చేసింది!

‘హి గో టు స్కూల్’... నోటుపుస్తకంలో ఈ వాక్యం కింద ఎర్రగీత. పక్కనే ‘గోస్’ అని దిద్దుబాటు. కడపైనా కర్నూలైనా సాయంత్రం హోంవర్కు దగ్గర ఇదే సందేహం. ‘ఐ గో, యు గో, దే గో... హి దగ్గర మాత్రం గోస్ అంటారేం మా?’ అని పిల్లాడి ప్రశ్న. ‘అదంతే, బట్టీ పట్టు’ అని అమ్మ జవాబు. అలా బట్టీ పట్టిన ముక్క మాట్లాడేటప్పుడు గుర్తురాదు. తప్పవుతుందన్న భయంతో తరగతిలో నోరు విప్పడమే మానేసే పిల్లలూ ఉంటారు.

నిజానికి జవాబు అమ్మ మాటల్లోనే ఉంది. గుమ్మంలో నిలబడి ఆమె ‘వస్తాండాడు’ అందనుకోండి. వచ్చేది ఒక్కడే, మగవాడే, ఇప్పుడు దారిలో ఉన్నాడు... ఇన్ని సంగతులూ ఆ ఒక్క మాటలో తెలిసిపోతాయి. ‘వాడు’ అని విడిగా చెప్పనక్కర్లేదు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాయి... చేసేవారిని బట్టి మన క్రియకు తోక మారిపోతుంది.

ఇంగ్లిషుకూ ఒకప్పుడు ఇలాంటి తోకలుండేవి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ‘అతడు వస్తాడు’ అనడానికి ‘హి కమెత్’ అని కనిపిస్తుంది. తర్వాత ఆ ‘ఎత్’ స్థానంలో ‘ఎస్’ స్థిరపడింది. మిగతా తోకలు రాలిపోయాయి. అందుకే ఇంగ్లిషులో ఐ, యు, వి, దే అంటూ చేసేవారెవరో ముందే చెప్పాలి. యామ్, ఈజ్, ఆర్‌ల దారి వేరు. క్యాన్, విల్ లాంటి వాటికీ ఈ తోక అంటదు. మామూలు క్రియలకు మాత్రం అతడు, ఆమె, అది... ఈ ముగ్గురి దగ్గరే ‘ఎస్’. అదీ ఒక్కసారే! ప్రశ్నలో ‘డజ్’ వచ్చిందంటే ‘ఎస్’ అందులోకి వెళ్లిపోయినట్టే. ‘డజ్ హి గో?’ అనాలి, ‘గోస్’ అనకూడదు.

ఇంకో చిక్కూ ఉంది. ‘వాడు రోజూ వస్తాడు’, ‘వాడు రేపు వస్తాడు’... మనకు రెండింటికీ ‘వస్తాడు’ చాలు. ఇంగ్లిషులో మొదటిది ‘హి కమ్స్’, రెండోది ‘హి విల్ కమ్’. ‘ఇప్పుడు వస్తాండాడు’ అంటే ‘హి ఈజ్ కమింగ్’. అందుకే వాక్యం రాసేముందు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి... రోజూనా, రేపా, ఇప్పుడా? సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇదే కుస్తీని తిరగేసి పట్టినాయన కడప గడ్డ మీదే ఉండేవాడు. సి.పి.బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. ఇంగ్లిషు మాతృభాషగా పుట్టినవాడికి మన క్రియల తోకలన్నీ కొత్తవే. అయినా వదల్లేదు. 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిషులో వెలువరించాడు. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చాడు. ఆయన పేరిట కడపలో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి.

ఈసారి నోటుపుస్తకంలో ఎర్రగీత కనిపిస్తే కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: ‘ఇన్ని తోకలు బడికి పోకముందే నేర్చినోడివి. ఈ ఒక్కటీ ఒక లెక్కా నాయనా!’