ఒకే మేత.. అదీ అతిగా! అక్వేరియం సిక్లిడ్లకు అదే ముప్పు

కాకినాడ: హాలులో గాజు తొట్టె. అందులో నుదుట బుడిపెతో ఎర్రగా మెరిసే ఫ్లవర్‌హార్న్ చేప. ఇంటికి వచ్చిన చుట్టాలంతా ముందు దాని దగ్గరే ఆగుతారు. ఆగిన ప్రతివారూ నాలుగు గుళికలు వేస్తారు. వేసిన ప్రతిసారీ అది ఎగబడి తింటుంది. కొన్ని నెలలు గడిచాక మేత ముట్టడం మానేస్తుంది. పొట్ట ఉబ్బుతుంది. తెల్లని దారంలాంటి విసర్జన వెంట వేలాడుతుంది. ఒక ఉదయం చేప తొట్టె అడుగున పక్కకు ఒరిగి కనిపిస్తుంది. నీరు పడలేదని కొందరు, దిష్టి తగిలిందని ఇంకొందరు సరిపెట్టుకుంటారు. మేత డబ్బాను అనుమానించేవారు మాత్రం అరుదు.

ఫ్లవర్‌హార్న్ ఒక్కటే కాదు. ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన నీలి, పసుపు రంగుల చేపలు.. ఇవన్నీ సిక్లిడ్ అనే ఒకే కుటుంబంలోనివి. చేపల బజారులో దొరికే తిలాపియా సైతం ఈ కుటుంబానిదే. మొజాంబిక్ తిలాపియాను మన దేశానికి 1952లో తీసుకువచ్చారు. కేరళ ప్రభుత్వం 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్ మాత్రం ఎక్కడినుంచో వచ్చినది కాదు, మన జలాల్లోనే పుట్టిన సిక్లిడ్. ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు ఇప్పటికి 1,700కు పైగా సిక్లిడ్ జాతులను గుర్తించారు. కుటుంబం ఒకటే అయినా వీటి వంటిళ్లు వేరు. దుకాణంలో ఒకే డబ్బా కొని అన్నింటికీ అదే వేయడంతోనే చిక్కు మొదలవుతోంది.

గొంతులో రెండో దవడ

సిక్లిడ్లకు నోటిలో ఉన్న దవడలు కాక గొంతులో మరో జత దవడలు ఉంటాయి. ముందున్నవి ఆహారాన్ని పట్టుకుంటాయి, లోపలివి నలగగొడతాయి. పని ఇలా పంచుకోవడం వల్లే ఈ కుటుంబంలో ఒక్కో జాతి ఒక్కో రకం తిండికి అలవాటుపడగలిగింది. టాంగన్యీకా సరస్సులో పక్క చేపల పొలుసులు పీకి తిని బతికే జాతులున్నాయి. వాటి నోరు కుడికో ఎడమకో ఒక పక్కకు వంకర తిరిగి ఉంటుంది. మలావీ సరస్సులోని మరో చేప చచ్చినట్టు అడుగున పడుకుంటుంది. తినడానికి దగ్గరికి వచ్చిన చిన్న చేపను గుటుక్కున మింగేస్తుంది. అదే సరస్సులో పీకాక్ సిక్లిడ్లు ఇసుకకు ఆనినట్టుగా ఈదుతూ, లోపల కదిలే పురుగు అలికిడిని తల మీది గుంటలతో పసిగడతాయి.

వీటన్నింటికీ దూరంగా, రాళ్లను అంటిపెట్టుకుని బతికేవి ఎంబునా చేపలు. మన దుకాణాల్లో ఆఫ్రికన్ సిక్లిడ్లు అని అమ్మే రంగురంగుల చిన్న చేపల్లో చాలావరకు ఇవే. రాళ్ల మీద పెరిగిన నాచునూ, అందులో దాగిన సూక్ష్మజీవులనూ పగలంతా గీరి తింటాయి. ఈ తిండిలో పీచు ఎక్కువ, సత్తువ తక్కువ. అందుకు తగ్గట్టే వాటి పేగు శరీరం కన్నా ఎంతో పొడవుగా, చుట్టలు చుట్టుకొని ఉంటుంది. మాంసాహార చేపల పేగు పొట్టిగా ఉంటుంది.

ఎంబునాకు రోజూ బ్లడ్‌వార్మ్స్, ట్యూబిఫెక్స్ వంటి పురుగుల మేత వేస్తే ఏమవుతుందో ఈ పేగును బట్టే ఊహించవచ్చు. కొవ్వు, మాంసకృత్తులు నిండిన ఆహారం అంత పొడవైన పేగులో నెమ్మదిగా కదులుతూ నిలిచిపోతుంది. పెంపకందారులు మలావీ బ్లోట్ అని పిలిచే పొట్ట ఉబ్బు వ్యాధికి మేత ఒక్కటే కారణం కాదు. నీటి నాణ్యత లోపించడం, తొట్టెలో దెబ్బలాటల ఒత్తిడి, పేగులోని పరాన్నజీవులు కూడా అందుకు తోడవుతాయి. అయినా పెంపకందారు చేతిలో పూర్తిగా ఉన్నది మేతే. కాబట్టి ఈ చేపలకు స్పైరులినా ప్రధానంగా ఉన్న గుళికలు, ఆకుకూరలు ఇవ్వాలి. పురుగుల మేతను రుచికి అన్నట్టుగా ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి.

ఆస్కార్‌కు గోల్డ్‌ఫిష్ విందు వద్దు

దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానికి చెందిన ఆస్కార్‌ది మరో కథ. దీన్ని కొన్న కుర్రకారు ముందుగా చేసే పని చిన్న గోల్డ్‌ఫిష్‌లను తెచ్చి తొట్టెలో వదలడం. వేటాడి మింగుతుంటే చూడటానికి సరదాగానే ఉంటుంది. అయితే గోల్డ్‌ఫిష్ వంటి కార్పు కుటుంబపు చేపల శరీరంలో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమిన్‌ను ధ్వంసం చేస్తుంది. వాటినే మేపుతూ పోతే కడుపు నిండిన ఆస్కార్‌కు సైతం పోషకాహార లోపం తప్పదు. పైగా మేత కోసం అమ్మే చేపలను ఇరుకు తొట్టెల్లో కుక్కి ఉంచుతారు. వాటితోపాటే రోగాలూ ఇంటికి వస్తాయి. ఆస్కార్ తలపై చిన్న చిన్న గుంటలు పడే జబ్బుకు పరాన్నజీవులు, మురికి నీరుతోపాటు పోషకాల లోపాన్ని కూడా కారణంగా భావిస్తున్నారు.

సహజ వాతావరణంలో ఆస్కార్ కేవలం చేపలు తిని బతకదు. పురుగులు, రొయ్యలు, కొంత వృక్ష సంబంధ ఆహారం కూడా తింటుంది. మంచి గుళికలు దాని రోజువారీ భోజనంగా ఉండాలి. వాటికి తోడు ఉప్పు, పసుపు తగలని పచ్చి రొయ్య ముక్కలు, పురుగుమందులు చల్లని నేలలోంచి తీసి కడిగిన వానపాములు మార్చి మార్చి ఇవ్వవచ్చు.

డిస్కస్‌కు పశువుల గుండె మాంసం తరిగి పెట్టడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. దానితో పిల్లలు వేగంగా ఎదిగే మాట నిజమే. కానీ పశువుల కొవ్వు చేప ఒంట్లోని తక్కువ వేడికి గడ్డకట్టే స్వభావం కలది. అందువల్ల సరిగా అరగదు. నీటినీ త్వరగా పాడుచేస్తుంది. కొవ్వు పూర్తిగా తీసి, అదీ అప్పుడప్పుడు మాత్రమే ఇవ్వాలి. ఇక కోడి మాంసం, రొట్టె, అన్నం మెతుకులు ఏ సిక్లిడ్‌కూ సరైన ఆహారం కావు. గుడి కోనేట్లో చేపలకు మరమరాలు వేసే అలవాటు మనది. దాన్ని కోనేటి దగ్గరే వదిలి రావాలి.

బుడిపె పెంచే మేత ఉందా?

ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో లేని చేప. 1990లలో మలేసియాలో వేర్వేరు సిక్లిడ్లను సంకరం చేసి దీన్ని రూపొందించారు. అదృష్టం తెస్తుందన్న నమ్మకం వల్ల, నుదుటి బుడిపె ఎంత పెద్దదైతే అంత ధర పలుకుతుంది. ఫలానా మేత వేస్తే బుడిపె పెరుగుతుందని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. బుడిపె పెరుగుదల ప్రధానంగా చేప వంశం, మగదా ఆడదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. మంచి పోషణ ఉంటే ఉన్న లక్షణం బయటపడుతుంది, లేని లక్షణం పుట్టుకురాదు. ఎరుపు రంగు విషయంలో మాత్రం మేత పాత్ర వాస్తవమే. చేపలు కెరోటినాయిడ్ వర్ణకాలను సొంతంగా తయారుచేసుకోలేవు, ఆహారం ద్వారానే పొందాలి. రొయ్య పెంకులో, స్పైరులినాలో ఇవి లభిస్తాయి. తయారీదారు పేరు, దినుసుల వివరాలు లేని విడి మేతను రంగు కోసమని కొనడం మంచిది కాదు.

డబ్బా కొనేటప్పుడు గడువు తేదీ తప్పక చూడాలి. ఎక్కువ వస్తుందని కిలో సంచి తీసుకోవడం పొదుపు కాదు. చాలా చేపలు సి విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేవు, మేతలోని ఆ విటమినేమో గాలి, వేడి తగిలితే క్షీణిస్తుంది. తీరప్రాంతపు ఉక్కలో మూత తెరిచిన డబ్బా ఇంకా త్వరగా చెడుతుంది. రెండు మూడు నెలల్లో అయిపోయేంత చిన్న డబ్బా కొని, గట్టిగా మూత బిగించి చల్లని చోట ఉంచాలి.

వంటింట్లోనే వైవిధ్యం

ఖరీదైన దిగుమతి మేతలు కొంటేనే వైవిధ్యం వస్తుందని భావించనక్కరలేదు. పాలకూరను మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి తీస్తే మెత్తబడి ఎంబునాలు ఇష్టంగా తింటాయి. పచ్చిబఠాణీని ఉడికించి, పైతొక్క తీసి, చిదిమి వేయవచ్చు. కీర దోస ముక్కనూ వేయవచ్చు గానీ, కొన్ని గంటల్లో మిగిలినది తీసివేయాలి. కాస్త ఓపిక ఉన్నవారు ఆకుకూర, బఠాణీ, రొయ్య కలిపి మెత్తగా రుబ్బుకోవచ్చు. చైనాగ్రాస్‌ను నీటిలో మరిగించి, వేడి కొంత తగ్గాక, గడ్డకట్టకముందే ఈ ముద్దను కలిపి పళ్లెంలో పోస్తే చిన్న ముక్కలుగా కోసుకునే మేత సిద్ధమవుతుంది. ఎంబునాల కోసమైతే మూడు వంతులు ఆకుకూరలు, ఒక వంతు రొయ్య ఉండాలి. ఆస్కార్ కోసమైతే ఆ లెక్క తిరగేయాలి. ముక్కలను ఫ్రీజర్‌లో దాచుకుని, కావలసినంత మాత్రమే బయటికి తీసి వాడాలి.

దుకాణాల్లో గిన్నెలో కదులుతూ కనిపించే సజీవ ట్యూబిఫెక్స్ పురుగులు తరచుగా మురుగుకాలువల్లోంచి పట్టినవి. ఎంత కడిగినా వాటి కడుపులోని మురికి పోదు. వాటికి బదులు గడ్డకట్టించిన లేదా ఎండబెట్టిన మేత వాడటం మేలు. బ్లడ్‌వార్మ్స్ పొడి కొందరికి అలర్జీ కలిగిస్తుంది. చేతికి దురద, తుమ్ములు వస్తే వాటి వాడకం ఆపాలి.

పిల్లలు పెట్టిన జతలకు ఆర్టీమియా అవసరం. ఉప్పాడ, తొండంగి తీరంలోని రొయ్యల హేచరీల్లో పనిచేసేవారికి ఇది కొత్త పేరు కాదు. ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో వేసి గాలి బుడగలు అందిస్తే సుమారు ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్లలు ఏంజెల్ పిల్లల నోటికి సరిగ్గా సరిపోతాయి. డిస్కస్ పిల్లలకు మాత్రం తొలి రోజుల్లో ఇవీ అక్కరలేదు. తల్లిదండ్రుల చర్మంపై ఊరే జిగురునే గీరి తిని పెరుగుతాయి. పాలిచ్చే జంతువులను తలపించే ఈ దృశ్యం చూడాలంటే తల్లి చేపలను బెదరగొట్టకుండా ఉంచాలి.

ఎంత వేయాలి?

ఒకటి రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత. పెద్ద చేపలకు రోజుకు ఒకటి రెండుసార్లు, ఎదిగే పిల్లలకు కొద్దికొద్దిగా మూడు నాలుగుసార్లు. చేప తొట్టె అద్దానికి ముక్కు ఆనించి తోక ఊపినంత మాత్రాన ఆకలి వేసినట్టు కాదు. మనిషిని చూస్తే మేత వస్తుందని అది నేర్చుకుంది, అంతే. మేతలోని మాంసకృత్తుల వ్యర్థం అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. తినక మిగిలిన మేత కుళ్లినా అదే అమ్మోనియా. దాన్ని ఫిల్టరులోని బ్యాక్టీరియా మార్చగలిగేది కొంతవరకే. అందుకే అతిగా మేపిన తొట్టెలో చేప తాను తిన్న తిండితో కాక, దాని వ్యర్థంతో చనిపోయే ప్రమాదం ఉంది. పెద్ద చేపలకు వారంలో ఒకరోజు మేత మానడం చాలామంది అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. ఇంట్లో శనివారం ఉపవాసం ఉండేవారు చేపతోనూ ఉంచితే లెక్క గుర్తుంటుంది.

కరెంటు పోయినప్పుడు మేత అసలే వేయరాదు. ఆహారం అరిగించుకోవడానికి చేపకు అదనపు ప్రాణవాయువు కావాలి, ఆ సమయంలో గాలి పంపు, ఫిల్టరు రెండూ ఆగి ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఆ రోజుల్లో మేతను ఉదయానికి మార్చి, పరిమాణం తగ్గించాలి.

సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఒకేసారి నాలుగు రోజుల మేత గుమ్మరించి తాళం వేసేవారు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద సిక్లిడ్ వారం రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది. బయలుదేరడానికి ముందు రోజే కొంత నీరు మార్చి, ఫిల్టరు పనిచేస్తున్నదీ లేనిదీ చూసుకుంటే చాలు. పిల్లచేపలు ఉండి పక్కింటివారికి అప్పగించక తప్పనప్పుడు మాత్రం డబ్బా వారి చేతికి ఇవ్వకూడదు. రోజుకొకటి చొప్పున చిన్న కాగితం పొట్లాలు కట్టి, పైన తేదీ రాసి, డబ్బాను బీరువాలో పెట్టి వెళ్లాలి.