నవీకరణకు ముందు పొంతన

ఒకే కంప్యూటరును పలు కంప్యూటర్లుగా పనిచేయించే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. అటువంటి యంత్రాలను జట్టుగా కలిపి, ఒకటి ఆగినచో దాని పనిని మరొకటి అందుకొనే ఏర్పాటే క్లస్టరు. ఆసుపత్రి రికార్డుల వంటివి ఇటువంటి జట్లపైనే నడుస్తుంటాయి.

ఉదాహరణకు వీఎంవేర్ వ్యవస్థను తీసుకొందాం. అందులో ఈఎస్‌ఎక్స్‌ఐ హైపర్‌వైజర్. జట్టుపై అజమాయిషీ వీసెంటర్‌ది. 6.7 వీసెంటర్ 7.0 ఈఎస్‌ఎక్స్‌ఐని నిర్వహించజాలదు. కనుక ముందు వీసెంటర్‌ను, పిదపనే ఈఎస్‌ఎక్స్‌ఐని మార్చాలి. అంతేకాక, 2020లో వెలువడిన 7.0 పాత లినక్స్ తరహా డ్రైవర్లను స్వీకరించదు. వాటిపైనే ఆధారపడిన నెట్‌వర్క్ కార్డు మూగబోతుంది.

కావున విద్యార్థులకు మేము చెప్పేదొక్కటే: తయారీదారు ప్రకటించిన పొంతన పట్టికలో సర్వరు, కార్డులు, బ్యాకప్ సాఫ్ట్‌వేరు అన్నింటినీ సరిచూడండి. ఒక్కదానికి పొంతన కుదరకున్నా, అది కుదిరేవరకు నవీకరణను ఆపడమే వివేకం.