మోటారు పెట్టెకు వేళ చెప్పేదెవరు?



పొలాలలో మోటారును వేళకు ఆడించే పెట్టెలు ఇప్పుడు వచ్చాయి. చదువుకున్న మీ పిల్లలలో కొందరు వాటిని ఇంటిదగ్గరే తయారు చేసుకుంటున్నారు. ఇ.ఎస్.పి. 32 అనే చిన్న చిప్పు ఒకటి, స్టార్టరును కలిపి విడదీసే రిలే ఒకటి, సిమ్ కార్డు వేసిన వైఫై డబ్బా ఒకటి ఉంటే చాలు. “ఉదయం అయిదింటికి మోటారు వెయ్యి, ఏడింటికి ఆపు” అని ప్రోగ్రాములో వ్రాస్తే అది అలాగే చేస్తుంది. చేస్తుంది సరే, అయిదయిందని దానికి తెలిసేదెట్లా? ఆ సంగతే ఈ పూట ముచ్చటించుకుందాం.

ఈ చిప్పుకు బ్యాటరీ లేకపోతే, కరెంటు పోగానే వేళ మరచిపోతుంది. కరెంటు రాగానే సున్నా నుంచి లెక్క మొదలు పెడుతుంది. కంప్యూటరు లెక్కలో సున్నా అంటే 1970 జనవరి 1, గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి. మన దేశపు వేళ గ్రీన్‌విచ్ కంటె అయిదున్నర గంటలు ముందు. అందుచేత కరెంటు రాత్రి పదకొండింటికి వచ్చినా, మధ్యాహ్నం రెండింటికి వచ్చినా, పెట్టె లెక్కకు ఉదయం 5:30 అయినట్లే! అయిదుకూ ఏడుకూ నడుమ పడింది గనుక వెంటనే మోటారు వేస్తుంది. బోరులో నీరు అడుగంటి ఉంటే మోటారు కాలుతుంది. నిన్న చల్లిన యూరియా నీటితోపాటు ప్రక్కచేనికి పోతుంది. ఆ క్షణంలో ఎవరైనా తీగె సవరిస్తూ ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

మరి దీనికి ఉపాయమేమిటి? సరియైన గడియారం ఉన్నచోటికి పోయి అడగడమే. ఇంటర్నెట్‌లో ఇందుకోసం వేళ చెప్పే సర్వర్లు ఉన్నాయి. అడిగే పద్ధతి పేరు ఎన్.టి.పి. దీనిని రూపొందించినవారు అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్. 1985లో దీని మొదటి నిబంధనలు వెలువడ్డాయి. మన దేశంలో ప్రామాణిక కాలాన్ని న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వారు అణు గడియారాలతో కాపాడుతున్నారు.

అడిగే తీరు చూడండి. పెట్టె 48 బైట్ల చీటీ ఒకటి సర్వరు 123వ నంబరు పోర్టుకు పంపుతుంది. చీటీ మొదటి బైటులో 27 అనే అంకె, మిగతావన్నీ సున్నాలు. సర్వరు అంతే పొడవున్న చీటీ తిరిగి పంపుతుంది. అందులో 41 నుంచి 44 వరకు ఉన్న నాలుగు బైట్లలో, 1900 జనవరి 1 నుంచి గడచిన సెకన్ల లెక్క ఉంటుంది. అందులోనుంచి 2,20,89,88,800 తీసివేస్తే 1970 నుంచి గడచిన సెకన్లు వస్తాయి. దానికి మన అయిదున్నర గంటలు, అంటే 19,800 సెకన్లు కలిపితే మన వేళ. ఈ కూడిక లైబ్రరీ చేస్తున్నదో, మీ ప్రోగ్రాము చేస్తున్నదో ముందే తేల్చుకోండి. రెండూ చేస్తే వేళ మరో అయిదున్నర గంటలు ముందుకు పోతుంది.

చీటీ పోయి రావడానికి కొంత కాలం పడుతుంది గదా? కుర్రవాణ్ణి రైలు స్టేషనుకు పంపి గడియారం చూసి రమ్మన్నారనుకోండి. వాడు ఎనిమిది అని చూసి వచ్చాడు. పోయి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు వేళ ఎనిమిదీ పది అని మీరు లెక్క కడతారు. ఎన్.టి.పి. చేసేదీ ఇదే. కాని మోటారు విషయంలో ఆ అర సెకను తేడాతో మనకు పని లేదు. జవాబు వచ్చిందా లేదా అన్నదే మనకు ముఖ్యం.

ఇ.ఎస్.పి. 32కు ఆర్డుయినో పద్ధతిలో ప్రోగ్రాము వ్రాసేవారికి ఈ లెక్కల బాధ లేదు. కాన్ఫిగ్‌టైమ్ అనే ఆజ్ఞకు 19,800నూ, తరువాత సున్నానూ, సర్వరు పేరునూ ఇస్తే చాలు. తరువాత గెట్‌లోకల్‌టైమ్ అని అడగాలి. అది మామూలుగా అయిదు సెకన్లు చూస్తుంది, సరైన వేళ రాకపోతే “లేదు” అంటుంది. చాలామంది ఈ “లేదు”ను పట్టించుకోకుండా తరువాతి వరుసకు పోతారు. ప్రమాదమంతా అక్కడే. “లేదు” అన్నంతసేపూ రిలేను విడిచే ఉంచాలి. సంవత్సరం 1970 అని కనబడితే, అది వేళ కాదు, వేళ తెలియదని చెప్పడమే అనుకోండి.

సిగ్నలు సరిగా అందని పొలమైతే డి.ఎస్. 3231 అనే చిన్న గడియారపు చిప్పు, బిళ్ళ బ్యాటరీతో కలిపి అమర్చుకోండి. కరెంటు లేకపోయినా అది నడుస్తుంది. ఇంటర్నెట్ అందినప్పుడు దానిని సరిదిద్దుకోవచ్చు. సర్వరును క్షణక్షణమూ అడగకండి. అది అందరి సొత్తు. పది లక్షలకు ఇరవై వంతులు తప్పే గడియారమైనా రోజుకు రెండు సెకన్లకు మించి తేడా రాదు గనుక గంటకొకసారి అడిగితే సరిపోతుంది.

మరొక సంగతి. ఎన్.టి.పి. సెకన్ల లెక్క 2036 ఫిబ్రవరి 7న నిండిపోయి మళ్ళీ సున్నాకు వస్తుంది. ఇప్పుడు పెట్టిన పెట్టె అప్పటికీ పొలంలోనే ఉండవచ్చు. తీసివేత స్వంతంగా వ్రాసుకున్న పిల్లలు ఆ రోజును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ఇక పెద్దలకు ఒక మనవి. వేళ ఎంత సరిగా ఉన్నా, తీగెమీద చెయ్యి వేసేముందు ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకోండి. పెట్టెకు వేళ తెలుస్తుందేగాని, మీరు అక్కడ ఉన్నారని తెలియదు.

సెలవు.