కుక్కలకూ ఒక దడి కావాలి

“కుక్కలకు పార్కా!” అని ముక్కున వేలేసుకునేవారు మన పల్లెల్లో కొల్లలు. ఊరంతా కుక్కదే అయినప్పుడు దానికి వేరే జాగా దేనికన్నది వారి ప్రశ్న. ప్రశ్న సబబైనదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో రాత్రివేళ కళ్లం దగ్గర కాపలా కుక్కదే, గొర్రెల మంద వెంట నడిచేది కుక్కే, తీరం వెంట చేపలు ఎండబెట్టేచోట పొంచి ఉండేదీ కుక్కే. మెడకు గొలుసు వేసి పెంచేవారు అరుదు. అయితే బడికి పోయే పిల్లలకూ, తెల్లవారకుండా పొలానికి బయలుదేరే కూలీకీ అదే వీధి దిక్కు. చిక్కంతా అక్కడే ఉన్నది.

కుక్కలను విడిచిపెట్టి తిరగనిచ్చే మైదానం అనే ఆలోచన పుట్టింది పట్టణాలలో. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు బర్క్‌లీ పట్టణంలో 1979లో, అంటే విజయనగరం జిల్లా ఏర్పడిన సంవత్సరమే, అటువంటి మైదానం ఒకటి ఆరంభమైంది. భూగర్భ రైలుమార్గం కోసం ఇళ్లు తొలగించగా మిగిలిన జాగాలో ఏర్పడిన పార్కులోనే కొంత భాగాన్ని కుక్కలకు కేటాయించారు. మన తెలుగునాట హైదరాబాదు నగరపాలక సంస్థ 2018లో కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాలలో, కోటి రూపాయలకు పైబడిన ఖర్చుతో కుక్కల పార్కు తెరిచింది. అంతకుముందు అది చెత్త పోసే స్థలం. పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు వేరువేరు ఆవరణలు, నడకబాట, పశువైద్యుని గది అందులో ఏర్పాటు చేశారు.

కోటి రూపాయల మాట వింటే ఏ సర్పంచికైనా గుండె గుభేలుమంటుంది. కానీ హంగులన్నీ తీసివేస్తే అటువంటి పార్కులో అసలు సరుకు రెండే: గట్టి దడి, రెండు గేట్లు. ఒక గేటు దాటి లోపలికి వచ్చి, దానిని మూసిన తరువాతే రెండవది తెరవాలి. అప్పుడు కుక్క వీధిలోకి ఉరకదు. సరుగుడు గుంజలు పాతి, అయిదడుగుల ఎత్తున ఇనుప జాలీ కట్టి, దాని అడుగును జానెడు లోతున మట్టిలో పూడిస్తే కుక్క గోతులు తీసుకుని బయటపడలేదు. ముళ్లకంప, ముళ్లతీగ పనికిరావు. వేప, కానుగ నీడకు మంచివి. గన్నేరు మాత్రం వద్దు, దాని ఆకు కుక్కకు విషం. నీళ్లకు ఒక పాత కుడితి తొట్టె చాలును. నేల కాస్త వాలుగా ఉంటే వాన నీరు నిలవదు. బావికి, చెరువుకు ఎడంగా ఉండాలన్నది ముఖ్యం. కుక్క పెంటలోని నులిపురుగుల గుడ్లు మనుషులకు, ముఖ్యంగా మట్టిలో ఆడే పిల్లలకు చేటు తెస్తాయి. ఆ పెంటను రోజూ పారతో ఎత్తి గోతిలో పూడ్చే మనిషి లేకపోతే దడి కట్టకపోవడమే మేలు.

ఇదంతా పెంపుడు కుక్కల మాట. ఊరకుక్కలన్నిటినీ తోలుకొచ్చి ఒకే దడిలో పెడితే కాట్లాట తప్పదు. ఏ వీధి కుక్కకు ఆ వీధే రాజ్యం. అందుకే కేంద్రప్రభుత్వం 2023లో తెచ్చిన నిబంధనలు వాటికి శస్త్రచికిత్స, టీకా చేయించి, పట్టినచోటనే విడవాలంటాయి. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, రాకపోకల దారికి దూరంగా ఉండాలని కూడా ఆ నిబంధనలలో ఉన్నది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు మునిసిపల్ వార్డులలో తిండి పెట్టేందుకు ప్రత్యేక స్థలాలు చూపాలని ఉత్తర్వు ఇచ్చింది. అదే సంవత్సరం నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలకు కుక్కలు చొరబడకుండా కట్టుదిట్టం చేయాలని, అక్కడ పట్టిన కుక్కలను మళ్లీ అక్కడే విడవరాదని ఆదేశించింది.

దీనిని బట్టి చూస్తే పల్లెలో మొదటి దడి కుక్కలకు కాదు, బడికి. ప్రహరీ పడిపోయిన బడి, మధ్యాహ్న భోజనం ఎంగిలాకులు గేటు ముందే పారవేసే బడి, కుక్కలను పిలిచి కూర్చోబెట్టుకున్నట్లే. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు వార పోసే ఊరిలోనూ అంతే. ఆ తరువాత మందబయలులోనో, పోరంబోకులోనో ఒక మూల చూసి పంచాయతీ పై విధంగా చిన్న దడి కట్టించవచ్చు. మామూలు రోజుల్లో పెంపుడు కుక్కలు పరుగెత్తడానికి, టీకాల రోజున వాటిని నిలపడానికి అది ఉపకరిస్తుంది. రోజూ తిండి దొరికే చోటికి ఊరకుక్క తానే వస్తుంది గనుక, వలలు పట్టుకుని సందులవెంట పరుగెత్తడం తగ్గుతుంది.

తీర గ్రామాలకు మరో బాధ్యత ఉన్నది. వేసవికి ముందు సముద్రపు తాబేళ్లు శ్రీకాకుళం తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గుంటలు తవ్వి గుడ్లు తినివేస్తాయి. అటవీశాఖ వారు గుడ్లను ఏరి దడుల మధ్య పొదిగించవలసి రావడానికి ఇదొక కారణం. తీరాన తిండి పెట్టే చోటు ఒడ్డున గాక ఊరి లోపలివైపు ఉండడం శ్రేయస్కరం.

రేబిస్ సోకి లక్షణాలు బయటపడిన మనిషి బతకడం దాదాపు అసంభవం. లోకంలో ఏటా సుమారు 59 వేలమంది ఈ వ్యాధికి బలి అవుతుండగా, అందులో మూడోవంతుకు పైగా మన దేశస్థులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మృతులలో పిల్లల పాలు ఎక్కువ. ఊరిలోని నూరు కుక్కలలో డెబ్బయ్యింటికి టీకా పడితే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని కూడా ఆ సంస్థ చెబుతున్నది. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం, కారం, పసరు పూయరాదు. నాటువైద్యుని దగ్గర పోగొట్టుకున్న రోజు తిరిగి రాదు.

ఏటా జూలై 6న, జూనోసిస్ దినం సందర్భంగా, పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. మూడు నెలలు నిండిన పిల్లకు మొదటిది, తరువాత ఏటేటా ఒకటి. కుక్కను తాడుతో కట్టి తీసుకువెళ్లాలి. పట్టుకునేవాడు దానికి మచ్చికైన మనిషి అయివుండాలి.