8 లక్షలతో బయల్దేరితే 20 లక్షలు అడిగిన ఇల్లు

విజయవాడ పాయకాపురంలోని ఆ ఇంటి హాలు గోడ మీద నాలుగడుగుల ఎత్తున ఒక చార ఉంది. పైన కొత్తగా రంగు కొట్టించారు కానీ గోధుమరంగు గీత లోపల్నించి తేలి కనపడుతూనే ఉంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు నీళ్లు ఆ గీత దాకా వచ్చి, కదలకుండా నిలబడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధులు చెరువులయ్యాయి. అటు కృష్ణలంక మాత్రం రిటైనింగ్ వాల్ పుణ్యమా అని చాలావరకు గట్టెక్కింది. ఒకే ఊళ్లో ఒకే వారంలో రెండు పేటలకి రెండు రాతలు.

మా పిన్ని కొడుక్కి ఆ ఇల్లు నచ్చింది. 100 గజాల స్థలం, 750 చదరపు అడుగుల కట్టుబడి, వయసు పాతికేళ్లు. ఓనరు చెప్పిన ధర 40 లక్షలు. "బ్యాంకు 32 లక్షలు ఇస్తుందట అన్నయ్యా. నా దగ్గర 8 ఉన్నాయి. కొంచెం రంగులూ గట్రా వేయించి ఆర్నెల్లలో అమ్మేస్తా" అన్నాడు. ఆ 'గట్రా' ఎంతో తేల్చడానికి ఒక ఆదివారం టేపు, నోట్‌బుక్, మాకు తెలిసిన తాపీ మేస్త్రీ, ముగ్గురం వెళ్లాం. కింద చెప్పే రేట్లు ఆ ఇంటికి మాకు చెప్పినవి. మీ వీధిలో అవి వేరే ఉంటాయి, కొలిచే పద్ధతి మాత్రం ఇదే.

మేస్త్రీ రంగు జోలికి పోలేదు. తాళంచెవుల గుత్తితో గోడని కొడుతూ నడిచాడు. గీతకి పైన గట్టి శబ్దం, కింద డొల్ల శబ్దం. "ఇదంతా చెక్కాల్సిందే బాబుగారూ. గీత దాకా చెక్కితే చాలదు, చెమ్మ పైకి ఎక్కుద్ది. ఇంకో అడుగు కలుపుకోండి" అన్నాడు. అంటే ఐదడుగులు. లోపలి గదుల గోడలన్నీ కలిపి 176 అడుగుల పొడవు, బయటి చుట్టుకొలత 110. మొత్తం 286 అడుగులు, ఐదడుగుల ఎత్తు: 1,430 చదరపు అడుగులు. తలుపులూ కిటికీలూ తీసేస్తే 1,300.

ఇక్కడే కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. సిమెంటు రేటు ఎంతని వాకబు చేస్తారు. 12 మిల్లీమీటర్ల మందంతో 100 చదరపు అడుగులు ప్లాస్టరింగ్ చెయ్యాలంటే ముప్పావు బస్తా పైచిలుకు సిమెంటు, 5 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. 1,300 అడుగులకి సిమెంటు 11 బస్తాలు. బస్తా 350 అనుకున్నా 4 వేలు దాటదు. పాత పెళ్లలు చెక్కడం, వాటిని మోసి ట్రాక్టరుకెత్తడం, మళ్లీ పూయడం, వారం రోజులు తడపడం, అన్నీ కలిపి అడుగుకి 60 రూపాయల లెక్కన 78 వేలు. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందని మావాడు సంబరంగా గుర్తుచేశాడు. వేసి చూశాం: ఈ పని మీద మిగిలేది సుమారు 300 రూపాయలు. మేస్త్రీకి, మా ఇద్దరికీ మధ్యాహ్నం భోజనాలకి సరిపోయింది.

స్నానాలగది ఇంకో మాయ. ఐదు అడుగులు, ఏడు అడుగులు అనగానే 35 చదరపు అడుగుల టైల్స్ చాలనిపిస్తుంది. గోడల చుట్టుకొలత 24 అడుగులు, ఏడడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటే 168. తలుపు పోగా 150. నేలతో కలిపి 185. కోతలకీ పగుళ్లకీ పది శాతం కలిపితే 204. 35 అనుకున్నది 204 అయింది, దాదాపు ఆరు రెట్లు. టైలూ కూలీ కలిపి అడుగుకి 100 చొప్పున 20 వేలు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, కుళాయిలకి ఇంకో 40 వేలు. అలాంటివి రెండు ఉన్నాయి కాబట్టి లక్షా 20 వేలు.

మిగతావి గబగబా తేలాయి. వరద నీట నానిన వైరింగ్‌ని నమ్మకూడదు, మొత్తం మార్చి, ప్లగ్ పాయింట్లు గీతకి పైకి తీసుకెళ్లాలి: 80 వేలు. ఉబ్బి బిగుసుకుపోయిన తలుపులు ఏడు: 63 వేలు. నేల 62 వేలు. లోపలా బయటా రంగులు 73 వేలు, ఇది మావాడు మొదట అనుకున్న ఒకే ఒక్క ఖర్చు. వంటగట్టు 60 వేలు, శ్లాబు మీద నీళ్లు దిగకుండా పూత 30 వేలు. శ్లాబు అడుగున మాత్రం పెచ్చులూడలేదు, ఊచలు బయటపడలేదు. అక్కడ మేస్త్రీ మొహం కాస్త విప్పారింది. ఇదే ఇల్లు బందరు వైపో నాగాయలంక వైపో ఉంటే ఉప్పుగాలికి ఊచ తుప్పుపట్టి ఉబ్బిందేమోనని మొదట శ్లాబే చూసేవాళ్లం. శ్లాబు పోయిన ఇంటికి మరమ్మతు అంచనా వెయ్యడం దండగ, అది స్థలం ధరకి కొనాల్సిన ఇల్లు.

అన్నీ కలిపితే 5 లక్షల 66 వేలు. పాత ఇంట్లో గోడ చెక్కాక లోపల ఏముందో దేవుడికెరుక, కనీసం 15 శాతం పక్కన పెట్టాలి. అంటే ఆరున్నర లక్షలు.

ఇక డబ్బు ఎక్కణ్నుంచి? రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు ఇంటి రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్యయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. 40 లక్షల్లో 80 శాతం అంటే 32. ఇంతవరకూ మావాడి లెక్క సరే. కానీ ఇల్లు 10 లక్షలు దాటిందంటే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని బ్యాంకు ఆ విలువలో కలపదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 40 లక్షలకి 3 లక్షలు, అదంతా చేతి నుంచే. పైగా విలువ అంటే మనం ఒప్పుకున్న ధర కాదు, బ్యాంకు ఇంజినీరు కట్టింది తక్కువైతే అదే. ఆయనా ఆ గీత చూస్తాడు. 37 అని రాశాడంటే అప్పు 30 దగ్గర ఆగిపోతుంది, ఇంకో 2 లక్షలు మన నెత్తిన పడతాయి.

"దస్తావేజులో తక్కువ చూపిద్దాం, స్టాంపులు మిగులుతాయి" అనే సలహా బ్రోకరు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది చట్టవిరుద్ధమన్న మాట సరే, లెక్క ప్రకారం కూడా తెలివితక్కువ. కాగితం మీద కొన్న ధర తగ్గితే బ్యాంకు అప్పు తగ్గుతుంది, రేపు అమ్మినప్పుడు లాభం పెద్దదిగా కనపడి దానిమీద పన్ను పడుతుంది.

బ్రోకరుకి ఒక శాతం 40 వేలు. ఈసీ, లింకు దస్తావేజులు, లాయరు అభిప్రాయం కలిపి 20 వేలు. ఈ ప్రాంతంలో లాయరుని ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: స్థలంలో ఏ మూలయినా బుడమేరు పోరంబోకు కిందికి వస్తుందా? వస్తే ఈ నోట్‌బుక్ అక్కడే మూసెయ్యాలి.

ఎవరూ రాయని పద్దు ఆఖర్న వచ్చింది. పని నాలుగు నెలలు, బేరం కుదరడానికి రెండు నెలలు. ఆ ఆర్నెల్లూ బ్యాంకు ఊరుకోదు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పయితే లక్షకి నెలకి 868 రూపాయల కిస్తీ. 32 లక్షలకి 27,776. ఆరు నెలలకి లక్షా 67 వేలు, అందులో వడ్డీయే లక్షా 35 వేల దాకా. ఒక నెల మేస్త్రీ రాకపోతే, లేదా శ్రావణంలో పెళ్లిళ్లని కూలీలు ఊళ్లకి పోతే, ఇంకో 22 వేలు వడ్డీ కింద కరిగిపోతాయి.

ఇప్పుడు కూడండి. ముందు కట్టాల్సింది 8, రిజిస్ట్రేషన్ 3, బ్రోకరూ కాగితాలూ 60 వేలు, మరమ్మతు ఆరున్నర, కిస్తీలు లక్షా 67 వేలు: 19 లక్షల 77 వేలు. మావాడు పెన్ను కింద పెట్టేశాడు.

"మరమ్మతుకి అప్పు తెస్తా" అన్నాడు కాసేపటికి. తేవచ్చు. ఎక్కడ తెస్తావన్నదే ప్రశ్న. ఆరున్నర లక్షలు బ్యాంకులో మరమ్మతు రుణంగా 9 శాతానికి పదేళ్లకి దొరికితే నెలకి 8,234. దానికి ఇంజినీరు అంచనా పత్రం కావాలి, డబ్బు విడతలుగా వస్తుంది కాబట్టి మొదటి విడత పని మన చేతి డబ్బుతోనే మొదలెట్టాలి. అదే పర్సనల్ లోన్ 13 శాతానికి ఐదేళ్లకయితే 14,789. చేబదులు నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 13,000. వినడానికి పర్సనల్ లోన్ కంటే తక్కువే. కానీ అది ఉత్త వడ్డీ, సాలుకి 24 శాతం. ఐదేళ్లు కట్టినా ఆరున్నర లక్షల అసలు అలాగే కూర్చుని ఉంటుంది. చీటీ మాట కూడా వచ్చింది. 10 లక్షల చీటీని మొదట్లోనే 30 శాతం వదులుకుని పాడితే చేతికి 7 లక్షలు, ఆ తర్వాత గడువు దాకా నెలనెలా వాయిదాలు. 2019 సవరణతో చీటీ నడిపేవాళ్ల కమీషన్ పరిమితి కూడా 5 నుంచి 7 శాతానికి పెరిగింది. అవసరం ముందే తెలిసి, చివర్లో పాడుకునేవాడికే చీటీ మంచిది.

ఒక్క విషయం మాత్రం మావాడి వైపు ఉంది. వ్యక్తులు ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్న ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకు జరిమానా వెయ్యకూడదు. ఆర్నెల్లలో అమ్మి అప్పు తీర్చేవాడికి ఇది చిన్న విషయం కాదు.

మరి అమ్మితే? కొన్నది 40, రిజిస్ట్రేషన్ 3, బ్రోకరూ కాగితాలూ 60 వేలు, మరమ్మతు ఆరున్నర, వడ్డీ లక్షా 35 వేలు. మొత్తం 51 లక్షల 45 వేలు. అమ్మేటప్పటి కమీషన్ కలిపితే 52 లక్షలకి అమ్మినా మిగిలేది సున్నా. పైగా ధర 50 లక్షలు ముట్టిందంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకునే ఇస్తాడు. 24 నెలల లోపు అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను, ఆ తర్వాతయితే పన్నెండున్నర శాతం. మరమ్మతు బిల్లులు దాచుకుంటే ఇంటి విలువ పెంచిన పనుల ఖర్చుని కొన్న ధరకి కలిపి చూపొచ్చు. మేస్త్రీకి నోట్ల కట్టలిచ్చినవాడికి ఆ వీలు లేదు.

అద్దెకిస్తే ఆ వీధిలో 14 వేలు వస్తాయన్నారు. ఏడాదికి లక్షా 68 వేలు, పెట్టిన మొత్తం మీద మూడుంపావు శాతం. కిస్తీలో అది సగమే.

అప్పుడు లెక్క వెనక్కి తిప్పాం. చుట్టుపక్కల బాగుచేసిన ఇళ్లు 48 లక్షలకి పోతున్నాయని రెండు మూడు చోట్ల విన్నాం. అందులోంచి మరమ్మతు, వడ్డీ, కాగితాలు, రెండు వైపులా కమీషన్, మన కష్టానికి 4 లక్షలు తీసేస్తే 35 లక్షలు మిగిలాయి. అందులోనే రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి కాబట్టి 1.075తో భాగించాం: 32 లక్షల 60 వేలు. ఇంటికి మనం పెట్టగలిగింది అంతే.

ఓనరుకి ఆ అంకె చెప్పాం. వరదప్పుడు కింది అంతస్తు మునిగిన ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేల సాయం గురించీ, ఆ డబ్బుతో ఏం బాగయిందీ కాలేదన్నదాని గురించీ ఆయన కాసేపు మాట్లాడాడు. ఇంటికి బీమా ఉందా అని అడిగాను. లేదన్నాడు. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి భారత్ గృహ రక్ష అనే పాలసీ ఉందనీ, అందులో వరద నష్టం కూడా వస్తుందనీ ఆయనకి ఎవరూ చెప్పలేదట. చివరికి 38 దగ్గర ఆగిపోయాడు.

బయటికొచ్చాక మావాడు నోట్‌బుక్ చంకలో పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. "పక్క వీధిలో మొదటి అంతస్తు పోర్షన్ ఒకటి అమ్మకానికుందట అన్నయ్యా, మేస్త్రీ ఉండగానే చూసేద్దాం" అన్నాడు. మేస్త్రీ అప్పటికే తాళంచెవుల గుత్తి జేబులోంచి తీశాడు.