అవయవ మార్పిడి అనంతర గర్భధారణ: ఉత్తర తెలంగాణ సందర్భం

1. ఉపోద్ఘాతం

1956లో బోస్టన్‌లో కవల సోదరి నుంచి మూత్రపిండాన్ని పొందిన ఎడిత్ హెల్మ్ 1958లో బిడ్డకు జన్మనిచ్చారు. మూత్రపిండ మార్పిడి అనంతరం జరిగిన తొలి ప్రసవంగా వైద్య చరిత్ర దీనిని గుర్తించింది. సోదరీమణులిద్దరూ సమరూప కవలలు కావడం వల్ల ఆమెకు రోగనిరోధక శక్తిని అణచే మందుల అవసరం కలగలేదు. నేడు మార్పిడి పొందిన స్త్రీలలో దాదాపు అందరూ ఆ మందులను జీవితాంతం వాడవలసినవారే. అందువల్ల గర్భధారణకు ముందే తీసుకొనే నిర్ణయాలు తల్లీబిడ్డల క్షేమానికి కీలకమవుతాయని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గర్భధారణకు ముందు

డయాలసిస్ కాలంలో క్రమం తప్పిన రుతుచక్రం మార్పిడి జరిగిన కొద్ది నెలలకే కుదుటపడుతుంది. అనుకోని గర్భానికి అవకాశం అప్పటి నుంచే ఉంటుంది. విరివిగా వాడే మైకోఫినోలేట్ పిండంలో చెవులు, పెదవి, అంగిలి ఏర్పడడాన్ని దెబ్బతీయగలదు. నెల తప్పిన సంగతి తెలిసేసరికే పిండం ఆ మందు ప్రభావానికి లోనై ఉంటుంది. కనుక కనీసం 6 వారాల ముందే దానిని ఆపి, వైద్యుల పర్యవేక్షణలో అజథయోప్రిన్‌కు మారాలి. మార్పిడి జరిగి కనీసం ఒక సంవత్సరం గడవడం, ఆ కాలంలో శరీరం అవయవాన్ని తిరస్కరించకపోవడం, రక్తపోటు అదుపులో ఉండడం, క్రియాటినిన్ 1.5 మిల్లీగ్రాముల లోపు నిలకడగా ఉండడం అనుకూల లక్షణాలు.

3. గర్భకాలంలో

గర్భిణి శరీరంలో టాక్రోలిమస్ స్థాయి తగ్గుతుంది కాబట్టి తరచుగా రక్తపరీక్ష చేసి మోతాదును సరిచూడాలి. గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు ఈ స్త్రీలలో అధికం. బిడ్డకు హాని కలుగుతుందన్న భయంతో మందులన్నీ మానివేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. అవయవం దెబ్బతింటే తల్లితోపాటు గర్భస్థ శిశువుకూ ముప్పే.

4. కరీంనగర్, ఆదిలాబాద్ పరిస్థితి

మార్పిడి శస్త్రచికిత్సలు ప్రధానంగా హైదరాబాదులో జరుగుతాయి. జీవన్‌దాన్ పథకానికీ అక్కడి నిమ్స్ ఆసుపత్రే కేంద్రం. ఆదిలాబాద్ అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. మందులు నిర్ణయించేది ఒక చోట, గర్భిణి పరీక్షలు మరొక చోట కావడంతో సమాచారం మధ్యలో తెగిపోయే ప్రమాదముంది.

కాన్పు విధానం మరొక అంశం. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతానికి మించింది. అమర్చిన మూత్రపిండం పొత్తికడుపులో ఒక పక్కన ఉంటుంది. సాధారణంగా అది ప్రసవమార్గానికి అడ్డురాదు. కేవలం మార్పిడి జరిగిందన్న కారణంతో కోత అవసరం లేదు. సిజేరియన్ తప్పనిసరైతే ఆ మూత్రపిండం, దాని మూత్రనాళం ఎక్కడున్నాయో శస్త్రవైద్యులకు ముందే తెలియాలి.

5. ముగింపు

పిల్లలు కావాలన్న ఆలోచనను దంపతులు మార్పిడి వైద్యుని ముందు తొలుత ప్రస్తావించాలి. అత్తింటివారికీ ఈ జాగ్రత్తల ఆవశ్యకత తెలిసి ఉండాలి. మందుల పేర్లు, మోతాదులు, తాజా క్రియాటినిన్, మార్పిడి కేంద్రం ఫోన్ నంబరు గల పత్రం గర్భిణి వెంట ఉంటే రెండు చోట్ల వైద్యానికి పొంతన కుదురుతుంది.